బతికున్న నాయనకు దండేసిన పేజీ

నాయన పోయిన మూడు నెలలకు వచ్చింది నాగమ్మత్త. నాయనకు సొంత అక్క. మట్టికి రాలేదు, దినాలకు రాలేదు, ఆ తరువాత ఒక్క ఆదివారమైనా తొంగి చూడలేదు. మా నేతపోళ్ళ ఇండ్లల్లో పెండ్లికి రాకపోతే ఏదో ఒక సాకు చెప్పి సర్దుకోవచ్చు. రెండేండ్లు మూతి ముడుచుకొని మూడో ఏడు మళ్ళీ మాట్లాడుకోవచ్చు. చావుకు రాకపోతే మాత్రం అంతే సంగతులు. ఆ మనిషికి ఆ ఇంటి గడప తీరిపోయినట్టే. కడసూపుకు రాని అక్క అక్కే కాదని అమ్మ దినాలనాడే అందరి ముందర అనేసింది. "దాని నీడ గూడా నా ఇంట్లో పడగూడదు" అనింది. అమ్మ ఒక మాట అనిందంటే మళ్ళీ వెనక్కి తీసుకునే రకం కాదు.

నేను ఆదోనిలో ఉంటాను. ఒక స్కూల్లో పిల్లలకు కంప్యూటర్ చెప్తాను, వారానికొకసారి ఎమ్మిగనూరు వచ్చి అమ్మను చూసిపోతాను. ఆ పొద్దు బస్సు దిగి మా సందులోకి తిరిగేతలికి అత్త మా ఇంటి అరుగు మీద కూచోనుంది. పక్కన వైరుబుట్ట. తలుపు దగ్గరగా వేసుంది. లోపల అమ్మ ఉన్నట్టు తెలుస్తానే ఉంది, కావాలనే గిన్నెలు ఎత్తెత్తి పెడతాంది. ఎంతసేపట్నుంచి అట్ల కూచోనుందో ముసలామె. నేను పోయి పక్కన కూచుంటే నా చెయ్యి పట్టుకొని ఒళ్ళో పెట్టుకునింది. నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఈ మూడు నెలలుగా నాకు ఏదీ రావడం లేదు.

నాయన పోయిన పొద్దు పనులన్నీ చేసింది నేనే. అందరికీ ఫోన్లు చేసింది నేనే, టెంటు, కుర్చీలు మాట్లాడింది నేనే, ఫ్లెక్సీ అతనికి ఫోటో పంపి అక్షరాల్లో తప్పులున్నాయేమో చూసింది నేనే. ఒక్క బొట్టు కన్నీరు రాలేదు. "ఏడ్సు పాపా, ఒక్క తూరి ఏడ్సేయ్, కడుపులో పెట్టుకోగూడదు" అని ముసలోళ్ళు వీపు నిమిరినారు. ఏడుపు కడుపులో ఉంటే కదా పెట్టుకోను! చలికాలం పొద్దున్నే చన్నీళ్ళలో చానాసేపు బట్టలుతికితే వేళ్ళు మనవి కావనిపిస్తాయి చూడండి, అట్లుంది. జనం ఏమనుకున్నారో నాకు తెలుసు. చౌడప్ప కూతురికి గుండె లేదనుకున్నారు. అనుకోనీ. అయితే అత్త ఎందుకు రాలేదో అడగాలని మాత్రం ఆ మొద్దుతనంలో గూడా ఒక మూల ఉండింది. ఆ సంగతి చెప్పాలంటే, ముందు ఆమె ఒకసారి వచ్చిన సంగతి చెప్పాల. నాయన బతికుండగానే ఆయన చావుకు వచ్చింది మా అత్త. దానికి కారణం నేను.

అప్పుడు నేను ఆదోనిలో డిగ్రీ చదువుతాంటి. మా ఇల్లంటే నడిమింట్లో గుంత మగ్గం, దాని చుట్టూ మిగిలిన జాగాలో మేము. గంజి వాసన మా ఇంటి వాసన. అన్నంలోకీ వచ్చేది, నా పుస్తకాల్లోకీ వచ్చేది, బస్సులో పక్కన కూచున్న పిల్ల "మీది నేతపని కదా" అని పసిగట్టేది. పొద్దున్నే అమ్మ రాట్నం ముందర కూచొని నూలు కండెలు చుట్టేది, ఆమె చుట్టిన కండె నాడెలో పెట్టుకొని నాయన నేసేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ. కండె ఆలస్యమైతే నాయన మగ్గం ఆపేవాడు, అంతే, అమ్మకు అర్థమైపోయేది. టీ గ్లాసు గుంత గట్టు మీద పెట్టుకొని, మూరెడు నేసినాక చల్లారిన టీ తాగేవాడు. వేడి టీ తాగితే పని మధ్యలో ఆగిపోతాదంట. ఇంట్లో మా నాయన గొంతు కంటే మగ్గం గొంతే ఎక్కువ విన్నాను నేను. ఇప్పుడా చప్పుడు ఆ సందులో ఏ ఇంట్లోనూ లేదు. టీవీలున్నాయి.

అత్తది సి.బెళగల్ దగ్గర పల్లె. నాయన చిన్నప్పుడే మా అవ్వ పోతే తమ్ముణ్ణి చంకనేసుకొని పెంచింది ఆమెనే. నెలకొకసారి వైరుబుట్టలో జొన్నరొట్టెలు, ఊరిమిండి పచ్చడి, చేలోవి ఏవో కాయలు పెట్టుకొని బస్సెక్కి వచ్చేది. వచ్చినాక ముందు మగ్గం కాడికి పోయి, "ఏమప్పా, ఇట్ల ఎండిపోయినావు, నీ పెండ్లాం కూడు పెడతాందా లేదా?" అని అమ్మకు వినపడేటట్టే అడిగేది. అమ్మ లోపల పండ్లు నూరేది. నాయన నవ్వేవాడు. పల్లెల్లో ఎవరు పోయినా శోకం తీయడానికి అత్తను ముందర కూచోబెట్టేవాళ్ళు. పాట కట్టి ఏడ్చేది ఆమె. పోయిన మనిషి ఏమి తినేవాడో, ఎవరితో ఎట్ల మాట్లాడేవాడో అన్నీ ఆ పాటలో వచ్చేవి.

డిగ్రీలో నా క్లాసులో ఈరన్న అని ఒకడు. తుగ్గలి దగ్గర పల్లె, శనక్కాయ రైతు కొడుకు. సినిమా పిచ్చి. పెండ్లి వీడియోలు తీసే ఒకాయన దగ్గర కెమెరా అడుక్కొచ్చి, పన్నెండు నిమిషాల సినిమా తీస్తానని తిరిగినాడు. కథ నేతపోనిది. మగ్గం మీద మూరెడు బట్ట మిగిలుండగా నాయన చచ్చిపోతాడు, మగ్గం అమ్మేయాలని వచ్చిన కొడుకు ఆ మూర నేసి, అమ్మలేక ఊరుకుంటాడు. పేరు 'మిగిలిన మూర'. మగ్గం కావాలంటే మా ఇల్లే కదా ఉండేది! అమ్మ అందరికీ టీలు పోసి, కండెలు ఎట్ల చుట్టాలో కెమెరా ముందర చూపించి, రెండు దినాలు సంబరపడింది. చచ్చిపోయిన నాయన మాత్రం సినిమాలో గోడ మీద ఫోటోనే. ఆ ఫోటో మా నాయనదైతే బాగుంటాదన్నాడు ఈరన్న. నాయన సరే అన్నాడు, అని నాతో మెల్లగా, "మీ అమ్మకు సెప్పొద్దు" అన్నాడు. పెద్దమనిషి వేషం అని చెప్పినాం అమ్మకు.

నాయనకు అంతవరకూ ఒక్కడే ఉన్న ఫోటో లేదు. ఆదోనిలో స్టూడియోకు పిల్చుకొనిపోతే తెల్లచొక్కా గుండీలన్నీ పెట్టుకొని బిర్రుగా కూచున్నాడు. ఫోటో తీసే ఆయన "కొంచెం నవ్వు పెద్దాయనా" అంటే, ఈరన్న "వద్దు వద్దు, ఈయన చచ్చిపోయిన మనిషి" అన్నాడు. "సచ్చిపోయినోళ్ళ ఫోటోలు బతికున్నెప్పుడే గదప్పా తీసేది. అప్పుడు నవ్వుండరా?" అన్నాడు నాయన. అందుకే ఆ ఫోటోలో మూతి చివర రవ్వంత నవ్వుంటాది.

సినిమా అయింది. కర్నూల్లో కాలేజీలకు పోటీ పెట్టినారని, వేరే జట్లకు వెబ్‌సైట్లు గూడా ఉన్నాయని ఈరన్న యాడ విన్నాడో. "పోస్టరైతే గోడకే సరోజా, వెబ్‌సైటైతే లోకానికంతా" అన్నాడు. క్లాసులో కంప్యూటర్ మీద రవ్వంత చెయ్యి తిరిగింది నాకే. మా వైపు ఇంకా ఫోన్లలో నెట్ రాని కాలం. బస్టాండు కాడ ఇంటర్నెట్ సెంటర్లో గంట లెక్కన కూచొని చేసినాను. పేజీ ఎట్లుండాలో ముందు ఇంట్లో రాసుకుంటాంటే, నాయన చీర అంచులకు వాడే గళ్ళ కాగితం ఇచ్చి, "దీంట్లో ఏయి, గళ్ళు తప్పవు" అన్నాడు. పేజీని గూడా గళ్ళు గళ్ళుగానే కట్టాలని నాకు అప్పుడే తెలుస్తాంది, ఆయనకు ఎట్ల తెలుసో. నల్లది నేల, చుట్టూ ఎర్రంచు. "నలుపు మీద ఎరుపు ఎప్పుడూ మోసం చెయ్యదు" అన్నాడు. పేజీ నాలుగు పక్కలా గుడి అంచు ఆయన గీసిచ్చిందే. ఆ వారం రోజులూ మేమిద్దరం మాట్లాడుకున్నంత మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అప్పుడు అదేమంత పెద్ద సంగతి అనిపించలేదు.

మధ్యలో ఫోటో పెట్టాల. నేను అంతవరకూ చూసిన డిజైన్లు ఏవి? పెండ్లి పత్రికలు, బస్టాండులో శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. ఇంకేం చూసినాను గనక. ఫోటోకు కంప్యూటర్లోనే బంతిపూల దండ వేసినాను. కింద మిణుకు మిణుకుమనే దీపం బొమ్మ ఒకటి దొరికితే అదీ పెట్టినాను. ఇంక పేరు. సినిమాలో ఆ పాత్రకు పేరే లేదు, కొడుకు "నాయనా" అని ఏడుస్తాడు అంతే. ఈరన్నను అడిగితే "ఏదో ఒకటి ఎయ్యబ్బా" అన్నాడు. గంట అయిపోతాంది. చేతికొచ్చిన పేరు టైపు చేసినాను. 'కీర్తిశేషులు చౌడప్ప, చేనేత కార్మికుడు, ఎమ్మిగనూరు.' ఈరన్న చూసి, "అదిరిపోయింది సరోజా, నిజంగా సచ్చిపోయినట్టే ఉంది" అన్నాడు. ఇద్దరం డిగ్రీ చదివేటోళ్ళం, అది బతికున్న మనిషి పేరని ఒక్కరికి గూడా తట్టలేదు.

లోకానికంతా అని చేసిన దాన్ని చూసేదానికి మా చుట్టుపక్కల ఎవరి దగ్గరా నెట్ లేదు. దానికి గూడా ఈరన్న ఒక ఉపాయం చేసినాడు. ఆ మొదటి పేజీనే కలర్ ప్రింట్లు తీసి బస్సుల్లో అతికిస్తే, కింద ఉన్న అడ్రసు చూసి జనం నెట్ సెంటర్లకు పోతారంట! మా ఇంట్లో పడుగుకు పెట్టే గంజే ఒక డబ్బాలో అడిగి తీసుకపోయి, ఎమ్మిగనూరు బస్టాండులో నిలబడిన ప్రతి బస్సులో డ్రైవరు సీటు వెనక అతికించి వచ్చినాడు. ప్రింటులో నలుపు మీద ఎరుపు అక్షరాలు కనపడలేదు, సినిమా పేరు మాయమైపోయింది. అడ్రసు ఇంగ్లీషులో ఇంతపొడుగు, దాన్ని ఎవరు చదువుతారు? మిగిలింది ఏముంది? నాయన ఫోటో, దండ, దీపం, తెల్లక్షరాల్లో కీర్తిశేషులు.

ఆదివారం పొద్దున పది గంటలప్పుడు. అమ్మ రాట్నం మీద ఉంది, నాయన మగ్గం గుంతలో ఉన్నాడు, నేను తల దువ్వుకుంటాన్నాను. సందు మొదట్లో శోకం వినపడింది. ఎవరో పోయినట్టున్నారని అమ్మ చేతులు ఆపింది. గొంతు దగ్గరికొస్తాంది. "ఎత్తుకొని పెంచితినే నా తమ్ముడా, ఎట్ల నిన్ను సాగదోలుదు నా తమ్ముడా... ఎవురు నేస్తారు నా కొంగు, నా చౌడప్పా, ఎవురు నవ్వుతారు నా మాటకు నా తమ్ముడా..." అమ్మ మొగం తెల్లబోయింది. నాకు అప్పుడు అర్థమైంది. ఆటోలోంచి పదకొండు మంది దిగినారు. అత్త తల విరబోసుకొని, రొమ్ము కొట్టుకుంటా ముందర వస్తాంది. ఎవరో బస్సులో కాగితం చింపుకొచ్చి చూపించినారు, చదివి చెప్పినారు, బయల్దేరి వచ్చేసినారు. ఫోన్ చేసి కనుక్కుందామని ఒక్కరికీ తోచలేదు. చావు కబురును అనుమానించే అలవాటు అప్పుడు మా వాళ్ళకు లేదు.

నాయన లేయలేదు. అది ఇప్పటికీ నాకు అట్లనే కండ్ల ముందర ఉంది. మగ్గం పలక మీద చేతులు ఆపి, తల వంచుకొని వింటా కూచున్నాడు. అత్త గడప దాటి లోపలికొచ్చి, మగ్గంలో కూచున్న తమ్ముణ్ణి చూసి, పాట మధ్యలో ఆగిపోయి, ఒంగి చెంప మీద ఛెళ్ళుమనిపించింది. తరువాత వాటేసుకొని, పాటా లేదు ఏమీ లేదు, ఊరికే ఏడ్చింది. "లేసి బయటికి రావాల్సింది గదయ్యా, అంతసేపు ఏం జేస్తాంటివి?" అని అమ్మ అరిస్తే, "అక్క పాడతాంటే మధ్యలో ఎట్ల లేసేది?" అన్నాడు నాయన. ఆటోలో వచ్చినోళ్ళు నవ్వలేక చచ్చినారు.

వచ్చినోళ్ళకు అన్నం పెట్టాల కదా. చావుకని ఖాళీ కడుపులతో వచ్చిన పదకొండు మందికి అమ్మ ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేసింది, ప్రతి బజ్జీతో పాటు నన్ను ఒక తిట్టు తిట్టింది. "బతికున్న నా మొగుడికి దండేసి దీపం పెట్టినావు గదే, ఏం కూతురివే నువ్వు! సదువుకుంటే ఇదేనా వచ్చేది? రేపట్నుంచి ఆదోని లేదు, కంప్యూటరు లేదు, కండెలు సుట్టు." అమ్మ అన్నదంటే అన్నదే. రెండో సంవత్సరం మధ్యలో నా చదువు అయిపోయిందని నాకు తెలిసిపోయింది. నాయన మీద కప్పేదానికి పట్టుకొచ్చిన కొత్త తెల్లబట్ట అత్త సంచిలోనే ఉంది. శవానికని తెచ్చిన బట్ట వెనక్కి తీసకపోగూడదు. "ఈడియ్యక్కా, సొక్కా కుట్టించుకుంటా" అన్నాడు నాయన, కుట్టించుకున్నాడు గూడా. మెడపట్టీ చిరిగిందాకా వేసుకున్నాడు. అమ్మ ఆ చొక్కా ఒక్కసారి గూడా ఉతకలేదు, ఆయనే ఉతుక్కునేవాడు.

నా చదువు నిలబెట్టింది నాయన కాదు, నాగమ్మత్త. బజ్జీ నములుతా, "పాపను ఒక్క మాట అనొద్దు సూడు" అనింది అమ్మతో. "సావు కబురు అబద్ధమైతే ఆయుస్సు పెరుగుతాదంటారు. పాప నా తమ్మునికి ఆయుస్సు పోసింది. ఇంక వానికి నిండా నూరేండ్లు, రాసిపెట్టుకో. దాన్ని ఆదోనికి పంపియ్యి." ఆడబిడ్డ మాటను అమ్మ జన్మలో ఒకే ఒక్కసారి వినింది, అది ఆ పొద్దే. సోమవారం నేను బస్సెక్కినాను. పేజీలోంచి పేరు తీసేసినాను, దండ తీసేసినాను. ఫోటో ఉంచినాను. సినిమాకు కర్నూల్లో ఏమీ రాలేదు. ఈరన్న ఇప్పుడు తుగ్గలిలో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. ఆ వెబ్‌సైటు పెట్టిన ఉచిత జాగా ఎప్పుడో మూసేసినారు, ఇప్పుడు వెదికినా దొరకదు. నేను మాత్రం అత్త ఇప్పించిన ఆ డిగ్రీతోనే ఈ పొద్దు అన్నం తింటాండాను.

ఇప్పుడు కబుర్లు ఎట్ల పోతాయో మీకు తెలిసిందే. నాయన ఫోటో స్టేటస్‌లో పెడితే దండాలు పెట్టే చేతుల బొమ్మలు వరసగా వచ్చినాయి. కొందరు ఆ బొమ్మ పెట్టి, అంతటితో వచ్చినట్టే అనుకున్నారు. వాళ్ళ మీద అమ్మకు కోపం లేదు. ఒక చింపిన కాగితం చూసి పదకొండు మందిని వెంటేసుకొచ్చిన మనిషి, నేను నా నోటితో ఫోన్లో చెప్తే "అట్లనా" అని పెట్టేసి రాకపోవడమే ఆమెకు మింగుడు పడలేదు. నాకూ పడలేదు.

"ఫోన్ చేసినా గదత్తా" అన్నాను అరుగు మీద.

"చేసినావు."

"మరి ఎందుకు రాలేదు? అమ్మ నీకు గడప లేదంటాంది."

"చేసింది నువ్వే గదా పాపా" అనింది. "ఆ పొద్దు గూడా రాసింది నువ్వే. ఏడ్సుకుంటా వస్తే మగ్గంలో కూసోనుండె. ఈ తూరి గూడా ఏదో సినిమాకు సెప్తాన్నావులే అనుకున్యా. నూరేండ్లు కాలేదు గదా వానికి."

"అత్తా..."

"ఉండు, సెప్పనీ. నిజమేమోనని గూడా అనుకున్యా. అనుకోలేదని అబద్ధమాడను. కోక మార్సుకున్యా, బస్టాండు దాకా వచ్చినా. ఆ పొద్దు పోతే బతికుండె. ఈ పొద్దు పోతే సచ్చిపోయింటాడేమో. పోకుండా ఉంటే ఉంటాడు గదా అని ఎనక్కి మళ్ళినా. మూడు నెలలు ఉండె పాపా. నా తమ్ముడు మూడు నెలలు ఎక్కువ బతికినాడు నాకు." కొంగుతో మూతి తుడుచుకునింది. "ఆదివారం ఆదివారం ఫోన్ చేసేటోడు. ఎన్ని ఆదివారాలు కనిపెట్టుకొని కూసుంటా? అందుకే వచ్చినా. ఇంకెవురినీ అడగను, నిన్నే అడుగుతా. సెప్పు. ఇది గూడా నువ్వు రాసిందేనా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తకు కడసూపు పోగొట్టింది నేను. నేను టైపు చేసిన ఒక మాటను నమ్మి ఒకసారి వచ్చింది, అదే మాట వల్ల ఇంకొకసారి రాలేదు.

"లేదత్తా" అన్నాను. "ఈసారి నేను రాయలేదు."

అత్త తలూపింది. తలుపు తెరుచుకునింది, అమ్మ నిలబడుంది. పక్కకు జరిగింది. అత్త చెప్పులు విడిచి, గోడ పట్టుకొని లోపలికి పోయింది. కాసేపటికి ఇద్దరి ఏడుపూ వినపడింది, ఏది ఎవరి గొంతో తెలియకుండా. నేను అరుగు మీదనే ఉండిపోయినాను. లోపలికి పోతే నాకు గూడా నిజమైపోతాదని భయమేసింది.